పదివేల లోపు కారు సౌండ్ బాగుపడాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది పోటీలకి సిస్టమ్ కట్టుకునేవాళ్ళ కోసం కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆల్టోనో వ్యాగనారో కొనుక్కుని, ఈఎంఐ కడుతూ, రోజూ గుంటూరు నుంచి బెజవాడకి ఉద్యోగానికి వచ్చిపోతూ, దారిలో పాట కాస్త ప్రాణమున్నట్టు వినపడితే చాలు అనుకునేవాళ్ళ కోసం. చేతిలో ఎనిమిది వేలో పదివేలో ఉన్నాయనుకుందాం. ఆ డబ్బుతో కారు డెకార్ షాపులో అడుగు పెట్టగానే కళ్ళు పడేవి రెండే: గోడకి వెలిగిపోతున్న టచ్ స్క్రీన్ స్టీరియోలు, కింద వరసగా పేర్చిన, బేస్ కోసం పెట్టే ఊఫర్ డబ్బాలు. ఆ రెండింటి జోలికీ పోకుండా బయటపడగలిగితే సగం పని అయినట్టే. ఈ బడ్జెట్‌లో డబ్బు పెట్టాల్సింది ముందు తలుపుల మీద, ఆ తర్వాత ఆ తలుపుల్లో కూర్చునే ఒక్క జత స్పీకర్ల మీద. మిగతావన్నీ తర్వాత, డబ్బులుంటే.

తలుపులేంటి అంటారా? స్పీకర్ కోన్ (మధ్యలో కదిలే గరాటు లాంటి పొర) ముందుకి తోసినప్పుడు వెనక వైపు గాలిని లాగుతుంది. అంటే ముందు ఒక శబ్దం, వెనక దానికి సరిగ్గా తలకిందులైన శబ్దం, రెండూ ఒకేసారి పుడతాయి. ఆ రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది బేస్. ఇళ్ళలో స్పీకర్‌ని చెక్క డబ్బాలో బిగించేది అందుకే. మన కారు తలుపులో డబ్బా ఎక్కడుంది? పల్చటి రేకు, దానికి చెయ్యి దూరేంత కన్నాలు, వాటి మీద అతికించిన ఒక ప్లాస్టిక్ షీటు, అంతే. వెనక శబ్దమంతా ఆ కన్నాల్లోంచి తిరిగి లోపలికొచ్చి బేస్‌ని మింగేస్తుంది. షేర్ ఆటోలో సీటు వెనక ప్లైవుడ్ డబ్బాలో పెట్టిన మామూలు స్పీకర్ దడదడలాడుతుంటే, నాలుగు స్పీకర్లున్న మన కారు కీచుమనడానికి కారణం ఇదే. వాళ్ళకి డబ్బా ఉంది, మనకి లేదు.

రూపాయి ఖర్చు లేకుండా ముందు చెయ్యాల్సినవి

షాపుకి వెళ్ళే ముందు ఒక సాయంత్రం కారులో కూర్చుని ఇవి చూసుకోండి. స్టీరియోలో బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, రాక్, పాప్ లాంటివి ఏవి ఆన్‌లో ఉన్నా అన్నీ తీసేసి ఈక్వలైజర్ మొత్తం సున్నా మీద పెట్టండి. బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, పెంచడం తగ్గించడం స్టీరియో దగ్గరే చెయ్యండి. ఫోన్ సగంలో ఉండి స్టీరియో ఫుల్లుగా పెడితే పాట కంటే ముందు బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. పాటల యాప్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ 'డేటా సేవర్' మీద ఉందేమో చూసి మార్చండి. ఎవరో పదేళ్ళ కిందట పంపిన, నాలుగుసార్లు కుదించిన ఎంపీ3 ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లో ఉంటే వాటితో ఏ సిస్టమ్‌నీ అంచనా వెయ్యకండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ వాడుతున్నారా, మీ సౌండ్‌కి మొదటి శత్రువు అదే. స్టీరియోకి ఆక్స్ రంధ్రం (ఇయర్‌ఫోన్ పిన్ను లాంటిది పట్టేది) ఉంటే మూడు నాలుగు వందల బ్లూటూత్ రిసీవర్ కొని దానికి పెట్టండి, తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

ఫేడర్‌ని, అంటే ముందు స్పీకర్లకీ వెనక స్పీకర్లకీ శబ్దాన్ని పంచే సెట్టింగ్‌ని, రెండు మూడు గీతలు ముందుకి జరపండి. పాట మన ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద నుంచి వచ్చినట్టు ఉండాలి కానీ చెవుల వెనక నుంచి కాదు. ఆ తర్వాత బ్యాలెన్స్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి ఏ స్పీకర్ పలుకుతోంది, ఏది గరగరలాడుతోంది, ఏది అసలు మూగగా ఉంది అని ఒక కాగితం మీద రాసుకోండి. పాత కార్లలో ఒక స్పీకర్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, మనం గమనించం.

గలగలల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. తలుపు జేబులో నీళ్ళ సీసా, టోల్ రసీదులు, చిల్లర, అద్దానికి వేలాడదీసిన గొలుసు, వెనక నంబరు ప్లేటు, ఇవన్నీ బేస్ కొట్టినప్పుడు తమ వంతు పాట అవీ పాడతాయి. నంబరు ప్లేటు వెనక చిన్న స్పాంజి ముక్క అతికిస్తే చాలు.

ఏది ఎంతలో

ధరలు షాపుని బట్టీ సీజన్‌ని బట్టీ మారతాయి, ఇవి బేరానికి వెళ్ళేముందు మనసులో పెట్టుకోవాల్సిన అంచనాలు మాత్రమే. ముందు రెండు తలుపులకి డ్యాంపింగ్ షీట్లు (రేకు మోగకుండా అతికించేవి) 1500 నుంచి 2500. ఒక జత మంచి కోయాక్సియల్ స్పీకర్లు (బేస్ పలికేదీ సన్నటి శబ్దాలు పలికేదీ ఒకే చట్రంలో ఉండేవి) 2500 నుంచి 3500. స్పీకర్ కింద వేసే స్పేసర్ రింగులు, వైర్లు కలిపే కప్లర్లు, విరిగే క్లిప్పుల బదులు కొత్తవి, స్క్రూలు కలిపి 500 నుంచి 800. మీరే చేసుకోకపోతే లేబర్ 1000 నుంచి 1500. మొత్తం ఎక్కువలో ఎక్కువ 8300. పదివేలలో మిగిలినవాటిని ఏదో ఒకదాని మీద ఖర్చు పెట్టెయ్యాలని తహతహలాడకండి, పక్కన పెట్టండి. మూడు నెలల తర్వాత యాంప్లిఫయర్ (స్పీకర్లకి వెళ్ళే పవర్‌ని పెంచే పెట్టె, యాంప్) కొనాలనిపిస్తే అప్పుడు అక్కరకొస్తాయి.

వెనక స్పీకర్ల సంగతేంటి అని అడిగేవాళ్ళకి: వెనక సీట్లో వారానికోసారి అత్తగారో పిల్లలో కూర్చుంటారు, వాళ్ళు పాట వినరు, మాట్లాడుకుంటారు. ఉన్నవాటిని అలాగే ఉండనివ్వండి. నాలుగు చవక స్పీకర్ల కంటే రెండు మంచివి ఎప్పుడూ మేలు.

షాపులో మాయలో పడకుండా

డబ్బా మీద 350 వాట్లు, 500 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పైన పటారం లోన లొటారం అన్నమాట. అడగాల్సింది ఆర్‌ఎంఎస్ ఎంత అని, అంటే ఆగకుండా తట్టుకోగల పవర్. పెద్ద అక్షరాల్లో వేసేది పీక్, అంటే ఒక్క క్షణం తట్టుకునేది. సంభాషణ ఎలా నడుస్తుందంటే:

"అన్నా, దీని ఆర్‌ఎంఎస్ ఎంత?"

"350 వాట్స్ సార్, కారు అదిరిపోద్ది."

"అది పీక్ కదా, ఆర్‌ఎంఎస్ అడుగుతున్నా. డబ్బా ఒకసారి ఇటివ్వండి."

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 40 అనో 50 అనో ఉంటుంది. అది చూసి కంగారుపడకండి, మనకి అది చాలు. ఎందుకో లెక్క వేద్దాం. స్టీరియో మీద '50 వాట్లు ఇంటూ 4' అని రాసుంటుంది కానీ ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే కరెంటు 14.4 వోల్టులు. వోల్టేజీ పెంచుకునే ఏర్పాటు లోపల లేని మామూలు స్టీరియో ఆ వోల్టేజీతో 4 ఓంల (కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) స్పీకర్‌కి శుభ్రంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే 26 వాట్లు, నిజంగా ఇచ్చేది 15 నుంచి 20. అంతకు మించి లాగితే పాట చిరుగుతుంది.

కాబట్టి యాంప్ లేకుండా స్టీరియోతోనే నడిపే మనలాంటివాళ్ళు వాట్లకంటే ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది. డబ్బా మీద డెసిబెల్స్‌లో ఇస్తారు. 88 ఉన్న స్పీకర్ కంటే 91 ఉన్న స్పీకర్ అదే పవర్‌తో 3 డెసిబెల్స్ ఎక్కువ పలుకుతుంది, అంటే స్టీరియో పవర్‌ని రెట్టింపు చేసినంత లాభం, ఊరికే వచ్చినట్టు. 90కి పైన ఉన్నది తీసుకోండి, 4 ఓంలే ఉండేట్టు చూసుకోండి. ఒక మెలిక ఉంది, కొన్ని కంపెనీలు 2.83 వోల్టులు పెట్టి కొలిచిన అంకె వేస్తాయి. 8 ఓంల స్పీకర్‌కి అది ఒక వాటు, 4 ఓంలకైతే రెండు వాట్లు. అంటే ఆ అంకె 3 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తుంది. రెండు డబ్బాలు పోల్చేటప్పుడు ఏ పద్ధతో కూడా చూడండి.

కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదై ఉండాలి, స్పాంజిది వద్దు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటిపోతుంది, దానికి తోడు కృష్ణ పక్కన ఉండే మన ఉక్కపోత. స్పాంజి అంచు కొన్నేళ్ళకే పొడిపొడిగా రాలిపోతుంది. కోన్ పాలీప్రొపిలీన్ అయితే తేమకి ఇబ్బంది లేదు.

సోనీ, పయనీర్, జేబీఎల్, ఇన్ఫినిటీ, కెన్‌వుడ్ లాంటి పేర్లలో అడుగు మెట్టు మోడళ్ళు అన్నీ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి, వాటి మధ్య తలలు పగలగొట్టుకోనక్కర్లేదు. పగలగొట్టుకోవాల్సింది నకిలీల గురించి. ఆ పేర్లతోనే అచ్చం అలాంటి డబ్బాల్లో నకిలీలు తిరుగుతుంటాయి. ఎమ్మార్పీ స్టిక్కరు, దిగుమతిదారు చిరునామా, వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు, ఈ నాలుగూ ఉంటేనే తీసుకోండి. బిల్లు లేకుండా 400 తగ్గిస్తానంటే ఆ 400 ఆయన దగ్గరే ఉంచుకోమనండి. బెజవాడ ఆటోనగర్‌లో అయినా, బందరు రోడ్డు మీద అయినా, గుంటూరులో అయినా ఒకే మోడల్‌కి మూడు షాపుల్లో అడిగి, ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని మాట్లాడండి. ఫిట్టింగుతో కలిపి ఎంత అని అడగండి, విడివిడిగా అడిగితే స్క్రూలకి కూడా బిల్లు వేసి తడిపి మోపెడు చేస్తారు.

సెకండ్స్‌లో కొనాలనుకుంటే యాంప్ కొనండి, స్పీకర్లు కొనకండి. తప్పదనుకుంటే మాత్రం మల్టీమీటర్ తీసుకెళ్ళండి. 4 ఓంల స్పీకర్ మీటరులో 3.2 నుంచి 3.8 మధ్య చూపించాలి. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ కాలిపోయినట్టు. కోన్‌ని రెండు వైపులా వేళ్ళు పెట్టి సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి, లోపల ఇసుక రాసుకున్నట్టు గరగరమంటే కాయిల్ మ్యాగ్నెట్‌కి రాసుకుంటోంది, అక్కడే వదిలేసి వచ్చెయ్యండి.

కొనే ముందు కొలతలు. స్పీకర్ అడ్డకొలత ఒక్కటే కాదు, లోతు కూడా. తలుపులో 6.5 ఇంచిలది పడుతుందా, 5.25దా, 4 ఇంచిలదా అన్నది మోడల్‌ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి పాత స్పీకర్ విప్పి స్కేలు పెట్టి చూడండి. లోతు చూసేటప్పుడు అద్దం పూర్తిగా కిందికి దించి చూడాలి. అద్దం పైకి ఉన్నప్పుడు అన్నీ పడతాయి, దించాక మ్యాగ్నెట్‌కి తగులుతుంది.

తలుపు పని

ఇది మీరే చేసుకోవచ్చు, తొందర లేకుండా ఉంటే ఒక ఆదివారం సరిపోతుంది. ఎండ ముదరక ముందే మొదలుపెట్టండి, నీడ ఉన్నచోట. షాపులో చేయించినా పక్కనే నిలబడి చూడండి, ఎందుకంటే ఈ పనిలో బాగా చేసినా చేయకపోయినా డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు తొడుగు) వేశాక బయటికి కనపడదు.

మొదట బానెట్ ఎత్తి 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ విప్పండి. కొన్ని కార్ల స్టీరియోలు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి, మాన్యువల్‌లో అది ఉందో లేదో ముందే చూసుకోండి. తలుపు హ్యాండిల్ వెనక, పిడి కింద మూతల్లో దాక్కుని స్క్రూలుంటాయి. అవి తీశాక ప్యాడ్ అంచు కింద ప్లాస్టిక్ పట్టీ పెట్టి లాగితే క్లిప్పులు టప్ టప్‌మని ఊడతాయి. రెండు మూడు విరుగుతాయి, విరగనివ్వండి, అందుకే కొత్తవి తెచ్చుకున్నాం. ప్యాడ్‌ని విసురుగా లాగెయ్యకండి, వెనక పవర్ విండో కప్లర్, లాక్ తీగ తగిలించి ఉంటాయి.

ఇప్పుడు బయటి వైపు నుంచి తలుపు రేకు మీద వేలి కణుపుతో కొట్టి చూడండి. టంగ్‌మని మోగుతుంది. ఆ మోత గుర్తుపెట్టుకోండి.

ప్లాస్టిక్ షీటుని నల్లటి జిగురుతో అతికించి ఉంటారు. చింపకుండా మెల్లగా లాగి పక్కన పెట్టండి, మళ్ళీ వెయ్యాలి. తలుపు లోపలికి వాననీళ్ళు రావడం మామూలే, అద్దం పక్కనుంచి దిగి అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది ఈ షీటే. దీన్ని చింపేసి పారేసే ఫిట్టర్లున్నారు. తొలకరి పడగానే కాళ్ళ కింద మ్యాటు తడిసి కంపు కొట్టేది అందువల్లే.

రేకు లోపలి వైపు దుమ్మూ జిడ్డూ ఉంటుంది. గుడ్డకి థిన్నర్ తడిపి తుడిచి ఆరనివ్వండి. ఇక్కడ బద్ధకిస్తే షీటు అతుక్కోదు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, డ్యాంపింగ్ షీటు అల్యూమినియం అంచు బ్లేడులాగే కోస్తుంది. షీటు బ్యూటైల్ రబ్బరుది కొనండి. సగం ధరకి వచ్చే తారు షీట్లు మన ఎండలకి మెత్తబడి జారతాయి, కారంతా రోడ్డు వేసేచోట వచ్చే వాసన.

అరచేతి రెండింతల ముక్కలుగా కత్తిరించి, కన్నాల్లోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, బయటి రేకు లోపలి ముఖం మీద అతికించండి. మొత్తం కప్పాల్సిన పనిలేదు, పావు వంతు నుంచి మూడో వంతు దాకా కప్పితే రేకు మోత ఆగిపోతుంది, ముఖ్యంగా స్పీకర్ వెనక భాగం, తలుపు నడిమి భాగం. చిన్న రోలరుతో గట్టిగా రుద్దాలి, షీటు మీద ఉండే గళ్ళు చదునైపోయేదాకా. మళ్ళీ బయట నుంచి కణుపుతో కొట్టండి. ఇందాకటి టంగ్ పోయి దప్‌మంటుంది. కొత్త స్పీకర్లు పెట్టకుండా ఈ ఒక్క పనితో ఆపేసినా కారు తలుపు వేసినప్పుడు శబ్దమే మారిపోయి ఉంటుంది, కృష్ణ మీద వారధి దాటి మంగళగిరి వైపు 80లో వెళ్తుంటే టైర్ల హోరు కూడా కొంత తగ్గుతుంది.

తర్వాత లోపలి రేకు మీద ఉన్న పెద్ద కన్నాలు. వాటి మీద ఒట్టి షీటు అతికిస్తే బేస్‌కి పొట్ట ఉబ్బినట్టు ఊగుతుంది, కాబట్టి పల్చటి అల్యూమినియం రేకో గట్టి ప్లాస్టిక్ ముక్కో కన్నం సైజుకి మించి కోసి, దాన్ని పెట్టి పైన షీటు వెయ్యండి. విండో మోటారు దగ్గర ఉన్న కన్నాన్ని మాత్రం మళ్ళీ విప్పడానికి వీలుగా మూయండి, మోటారు పోయిన రోజు మెకానిక్ మిమ్మల్ని తిట్టుకోకుండా. అడుగున నీళ్ళు పోయే కన్నాలు, లాక్ రాడ్లు, అద్దం దిగే దారి, వీటి మీద ఎక్కడా షీటు పడకూడదు. నీళ్ళ కన్నాలు మూశారంటే నీళ్ళు లోపలే నిలబడి తలుపు అడుగు నుంచి తుప్పు మొదలవుతుంది.

స్పీకర్ బిగించడం

పాత కప్లర్ కోసెయ్యకండి. మీ మోడల్‌కి సరిపోయే స్పీకర్ కప్లర్ జత దొరుకుతుంది, పెద్ద ఖర్చేమీ కాదు. అటు కారు వైరింగ్ చెక్కుచెదరదు, వారంటీ ఉన్న కారైతే సర్వీసు సెంటర్లో గొడవా ఉండదు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మన ఊళ్ళో ఆనవాయితీ కానీ ఎండకి ఆ టేపు జిగురు కారిపోయి ఊడిపోతుంది. కొత్త కప్లర్ వైర్లని స్పీకర్‌కి కలిపేచోట సోల్డరింగ్ పెట్టించి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేయించండి.

స్పేసర్ రింగు ప్లాస్టిక్‌ది తీసుకోండి. ఎండీఎఫ్ చెక్కది చూడ్డానికి బాగుంటుంది కానీ రెండు వానాకాలాలకి నానిన అట్టముక్కై కూర్చుంటుంది. రింగుకి, తలుపుకి మధ్య, రింగుకి, స్పీకర్‌కి మధ్య పల్చటి ఫోమ్ టేపు వేసి, స్క్రూలు ఎదురెదురుగా సమంగా బిగించండి. స్పీకర్ ముందు అంచు చుట్టూ కూడా ఒక ఫోమ్ పట్టీ వెయ్యండి, డోర్ ప్యాడ్ జాలీకి ఆనేంత ఎత్తులో. ఇది చాలామంది వదిలేసే పని. పట్టీ లేకపోతే శబ్దంలో కొంత ప్యాడ్ వెనక ఖాళీలోకి పోయి అక్కడే తచ్చాడుతుంది.

ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ఒక తలుపులో సరిగ్గా, ఇంకో తలుపులో తిరగేసి ఉంటే రెండూ పలుకుతాయి కానీ బేస్ మాయమైపోతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్లు ఒకటి తీసుకుని, స్టీరియో కప్లర్ తీసేసి, ఆ చివర స్పీకర్ వైర్లకి ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ స్పీకర్ ప్లస్ వైరుకి తాకినప్పుడు కోన్ బయటికి రావాలి. రెండు తలుపుల్లోనూ ఒకేలా కదలాలి. బయటి మార్కెట్ స్టీరియోల్లో తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, వంకాయ రంగు వెనక కుడి, నల్ల చార ఉన్నది మైనస్. కంపెనీ వైరింగ్‌లో ఈ రంగులు వర్తించవు, అందుకే సెల్లు పరీక్ష.

ప్యాడ్ వేసే ముందే బ్యాటరీ కలిపి ఒక పాట పెట్టి వినండి, అద్దం పైకీ కిందికీ ఒకసారి ఆడించండి.

స్టీరియో

కంపెనీది ఉండి బ్లూటూత్ పనిచేస్తుంటే మార్చకండి, అంతే. ఆరేడు వేలకి వచ్చే ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ స్క్రీన్లలో మీరు కట్టేది స్క్రీన్ డబ్బు, సౌండ్‌కి మిగిలేది కొసరు. అసలు స్టీరియోనే లేకపోతే స్క్రీన్ లేని సింగిల్ డిన్ (సన్నటి, ఒక అర ఎత్తుండే) సైజుది, పేరున్న కంపెనీది, బ్లూటూత్‌తో పాటు హై పాస్ ఫిల్టర్ ఉన్నది చూడండి. ఆ ఫిల్టర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర పెడితే చిన్న స్పీకర్ మొయ్యలేని బరువు బేస్ దాని దాకా రాదు, వాల్యూమ్ ఇంకో నాలుగు గీతలు పెంచినా గొంతు చిరగదు.

తర్వాత ఎప్పుడైనా యాంప్ పెట్టాలనిపిస్తే

నాలుగు ఛానెళ్ళ (నాలుగు స్పీకర్లకి విడివిడిగా ఇచ్చే) చిన్న క్లాస్ డి (తక్కువ వేడెక్కే రకం) యాంప్ చాలు, ఛానెల్‌కి నిజమైన 50 వాట్లు ఉన్నది. దీనికీ స్టిక్కరు నమ్మకండి, పక్కనున్న ఫ్యూజు చూడండి. 2000 వాట్లని రాసి 25 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి, 25ని 14తో గుణిస్తే 350. అంటే బ్యాటరీ నుంచి లోపలికి పోయేదే 350 వాట్లు, అందులో వేడికి పోగా మిగిలేది స్పీకర్లకి. 2000 ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?

పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి, ఇందులో బేరం లేదు. ఆ ఫ్యూజు యాంప్‌ని కాపాడటానికి కాదు, వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని షార్ట్ అయితే కారు తగలబడకుండా ఉండటానికి. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చేచోట రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచు వైరుని కోయకుండా వేసే రింగు) లేకుండా వైరు దూర్చనివ్వకండి. 8 గేజి రాగి వైరు ఈ సైజు యాంప్‌కి సరిపోతుంది, దానికి 30 ఆంపియర్ల ఫ్యూజు. రాగి అని అమ్మేవాటిలో సగం పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. అదే కొనాల్సి వస్తే ఒక సైజు లావుది తీసుకోండి.

ఎర్త్ వైరు మూరెడు లోపు, పవర్ వైరంత లావు, పెయింటు గీకేసి తెల్ల రేకు కనపడ్డాక బోల్టు బిగించాలి. ఇంజిన్ రేస్ చేసినప్పుడల్లా పాట వెనక కుయ్‌మని ఈల వస్తోందంటే పదిలో తొమ్మిది సార్లు దోషం ఈ ఎర్త్‌దే. ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్‌కి పాట మోసేవి) కారుకి ఒక పక్కగా, పవర్ వైరు ఇంకో పక్కగా లాగించండి. కంపెనీ స్టీరియో అయితే హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల నుంచే పాట తీసుకునేది) ఉన్న యాంప్ అడగండి, స్టీరియో విప్పి కోసే పని తప్పుతుంది.

యాంప్ మీద గెయిన్ అని ఒక నాబ్ ఉంటుంది, స్టీరియో నుంచి వచ్చేదాన్ని ఎంత పెంచాలో పెట్టేది. గెయిన్ అంటే వాల్యూమ్ నాబ్ కాదు. స్పీకర్ వైర్లు తీసేసి, స్టీరియోని ముప్పావు వంతు వాల్యూమ్‌లో పెట్టి, ఈక్వలైజర్ సున్నాలో, తాత్కాలికంగా ఫిల్టర్ తీసేసి, 60 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో యాంప్ ఔట్‌పుట్ దగ్గర పట్టండి. 50 వాట్లకి 4 ఓంల దగ్గర 14 వోల్టులు రావాలి. అక్కడ ఆపండి. ఫిల్టర్‌ని మళ్ళీ 80కి పెట్టి స్పీకర్లు కలపండి. ఎవరైనా వచ్చి గెయిన్ ఇంకొంచెం పెంచుదామంటే వాళ్ళ కారులో పెంచుకోమనండి.

ఊఫర్ కావాలంటే దీని తర్వాతే, సీటు కింద పట్టే రకం చూసుకోండి, డిక్కీ పోదు. సీటు కింద పసుపు రంగు కప్లర్లు కనపడితే వాటిని ముట్టుకోవద్దు, అవి ఎయిర్ బ్యాగ్ వైర్లు.

పని అయ్యాక చూడాల్సినవి

స్పీకర్ స్క్రూలు ఒకట్రెండు నెలలకి కాస్త వదులవుతాయి. మన రోడ్ల గతుకులకి ఇంకొంచెం ముందే కావచ్చు. కొత్తగా ఎక్కడైనా బుర్ర్‌మంటే ముందు అవే చూడండి. యాంప్ ఉంటే బండి ఆపి ఇంజిన్ ఆఫ్ చేసి గంటలకొద్దీ పాటలు పెట్టకండి, చిన్న కారు బ్యాటరీ తెల్లారి స్టార్ట్ కానని మొరాయిస్తుంది. యాంప్, స్టీరియో లాంటివి బయట వేయించినప్పుడు కారు ఇన్సూరెన్స్‌లో వాటిని విడిగా రాయించుకుంటేనే దొంగతనానికో ప్రమాదానికో డబ్బులొస్తాయి, దానికి అదనపు ప్రీమియం ఉంటుంది, రెన్యువల్ అప్పుడు బిల్లు చూపించి అడగండి.

ఇక వానాకాలం రాకముందే ఒకసారి కారు కడిగేటప్పుడు అద్దం పైన బీడింగ్ మీద పైపుతో నీళ్ళు పొయ్యండి. తలుపు అడుగు కన్నాల్లోంచి ధారగా బయటికి రావాలి. రాకపోతే ఎక్కడో షీటు ముక్క అడ్డం పడింది, ఆ రోజే ప్యాడ్ విప్పి తీసెయ్యండి. బయటికి వస్తున్నాయి కానీ లోపల మ్యాటు కూడా తడిసిందంటే ప్లాస్టిక్ షీటు అంచు సరిగా అతకలేదు, ఆ నల్ల జిగురు పట్టీ షాపులో విడిగా దొరుకుతుంది, చుట్టూ కొత్తది వేసి నొక్కండి.